భాస్కరాచార్యుడు – ఏకవర్ణసమీకరణము

తెలిసినదానిని ఆధారముగా గొని తెలియనిదానిని సాధించుట సర్వశాస్త్రములకును సాధారణమైన ధర్మము. పర్వతమునందలి ధూమమును చూచి వహ్నిని నిశ్చయించు నైయాయికుడును, ప్రయోగమును చూచి ప్రకృతిప్రత్యయములను విభజించు వైయాకరణుడును చేయుచున్న పని ఇదియే. గణితశాస్త్రమున ఈ ధర్మమునకు మిక్కిలి సరళమైన రూపము ఏకవర్ణసమీకరణము. ఒకే అవ్యక్తరాశి గల రెండు సమపక్షములనుండి ఆ రాశి విలువను రాబట్టుటయే దాని ప్రయోజనము. నేటి పాఠశాలలలో ఏకచరరాశిలో రేఖీయ సమీకరణము అను పేరుతో బాలబాలికలు నేర్చుచున్న విషయమును ఇదియే.

ఈ విధిని మొదట కనుగొన్నవాడు భాస్కరాచార్యుడు కాడు. ఆతనికి ఆరువందల యేండ్లకు పూర్వమే ఇది భారతీయ గణితమున కలదు. అయినను ఈ విధిని బోధించినవారిలో ఆతడు అగ్రగణ్యుడు. సూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థి వేఱు, సూత్రము యొక్క హృదయమును గ్రహించిన విద్యార్థి వేఱు అని ఆతడు ఎఱిగినవాడు. మొదటివానిని రెండవవానినిగా చేయుటయే ఆచార్యుని కర్తవ్యమని భావించి, ఆతడు తన గ్రంథములను కూర్చెను. ఆతని జీవితమును ఈ దృష్టితో పరిశీలించినచో ఆతని కృషియందలి ఏకసూత్రత స్పష్టమగును.

వంశము – జన్మము – విద్య

భాస్కరాచార్యుని జీవితమునకు ప్రమాణములు ప్రధానముగా రెండు. ఒకటి, ఆతడు తన గ్రంథములయందు స్వయముగా చెప్పుకొనిన విషయము. రెండవది, ఆతని పౌత్రుడు స్థాపించిన మఠమునకు సంబంధించిన పాటణ శాసనము. ఈ రెండును పరస్పరము సంవదించుచున్నవి. కావున ప్రాచీనశాస్త్రకారులలో అనేకులకు లేని కాలనిశ్చయము ఈ ఆచార్యునికి లభించినది.

గోలాధ్యాయము చివర ఆతడు తన జన్మసంవత్సరమును శకము 1036 అని చెప్పెను. అది క్రీ.శ. 1114 అగును. తన ముప్పదియాఱవ యేట సిద్ధాంతశిరోమణిని రచించితినని కూడ అందే తెలిపెను. కావున ఆ గ్రంథరచన 1150లో జరిగినది. సహ్యపర్వతప్రాంతమున పండితులకు నిలయమైన విజ్జడవిడమను పురము తన నివాసమనియు, తాను శాండిల్యగోత్రుడననియు, మహేశ్వరుని పుత్రుడననియు పేర్కొనెను. విజ్జడవిడము నేటి ఏ ఊరు అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. కన్నడదేశమునందలి విజయపురమని కొందఱును, మహారాష్ట్రమున చాళీస్‌గాఁవ్ సమీపమునందలి పాటణ ప్రాంతమని కొందఱును చెప్పుదురు.

శాసనము ఆతని వంశమును ఆఱు తరములు పైకి చెప్పుచున్నది. త్రివిక్రముడను కవి మూలపురుషుడు. ఆతని పుత్రుడు భాస్కరభట్టు. ఈతడు భోజరాజుచే విద్యాపతి బిరుదమును పొందెను. పిదప గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు వరుసగా చెప్పబడిరి. మహేశ్వరుని కుమారుడు మన భాస్కరాచార్యుడు. క్రీ.శ. 629లో ఆర్యభటీయమునకు భాష్యము వ్రాసిన మఱియొక భాస్కరుడు కలడు. మహాభాస్కరీయమును రచించినవాడు ఆ ప్రాచీన భాస్కరుడే. నామసామ్యముచే ఇరువురను ఒక్కరినిగా భావింపరాదు.

భాస్కరునికి గురువు తండ్రియే. జ్ఞానమనెడు మొగ్గను తాను తండ్రివద్దనే పొందితినని బీజగణితము చివర ఆతడు కృతజ్ఞతతో స్మరించెను. కులవిద్యగా సంక్రమించిన జ్యోతిశ్శాస్త్రమును ఇంటనే అభ్యసించి, ఇంటనే బోధించిన పండితవంశమది. బోధనమునందు ఆతనికి గల నేర్పునకు ఈ గృహవిద్యాసంప్రదాయమే పునాది యనుట సమంజసము.

పూర్వాచార్యుల దారి

భాస్కరునికి పూర్వము ఈ విధి ఏ స్థితిలో ఉండెనో తెలిసికొనినగాని ఆతని విశేషము తెలియదు. 499లో ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయమున గణితపాదమునందు ఈ సూత్రము ఒక్క ఆర్యావృత్తమున ఇమిడియున్నది. ఇరువురు మనుష్యులయొద్ద కొన్ని గుళికలును కొంత ధనమును ఉండి, ఇరువురి సంపద సమానమైనపుడు, ధనముల భేదమును గుళికల భేదముచే భాగింపగా ఒక్క గుళిక వెల వచ్చునని అందలి భావము. గుళిక యనగా ఇచ్చట వెల తెలియని వస్తువు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమునందలి కుట్టకాధ్యాయమున ఇదే విధిని అవ్యక్తశబ్దముతో చెప్పెను. ధనర్ణములకును శూన్యమునకును నియమములను ఏర్పఱచినవాడును ఆతడే. శ్రీధరుడు, పద్మనాభుడు కూడ బీజగణితములను రచించిరి.

తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. అందు పుష్పములు, పక్షులు, ఏనుగులు మొదలగువాని గూర్చిన అవ్యక్తప్రశ్నలు సమృద్ధిగా కలవు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన పద్యరూపమున తెనిగించెను. అందువలన ఈ విధమైన గణితము తెనుగువారికి తమ భాషలోనే లభించినది.

ఇట్లు సూత్రము పూర్వమే సిద్ధముగా నుండెను. అయితే ఆర్యభటుని సూత్రము అతిసంక్షిప్తము. బ్రహ్మగుప్తాదుల గ్రంథములు అతివిస్తృతములు. బ్రహ్మగుప్త, శ్రీధర, పద్మనాభుల బీజములు విస్తృతములగుటచే వాని సారమును గ్రహించి శిష్యులకొఱకు చిన్న గ్రంథమును చేసితినని భాస్కరుడు తన బీజగణితాంతమున చెప్పెను. అనగా తాను కొత్తగా కనుగొంటినని ఆతడు చెప్పుకొనలేదు. సుబోధముగా చెప్పితినని మాత్రమే చెప్పుకొనెను. ఈ వినయము యథార్థకథనమును అగును.

లీలావతి – ఇష్టకర్మ

సిద్ధాంతశిరోమణి నాలుగు భాగములుగా ఉన్నది. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోలాధ్యాయము. వీనిలో లీలావతి వ్యక్తగణితము. అందు అవ్యక్తసంకేతము లేదు. అయినను తెలియని రాశిని కనుగొను ఉపాయములు రెండు అందు బోధింపబడినవి. ఒకటి విలోమవిధి. చివరి ఫలమునుండి వెనుకకు నడచుచు, గుణించినచోట భాగించుట, కలిపినచోట తీసివేయుట దాని పద్ధతి. రెండవది ఇష్టకర్మ. తనకు నచ్చిన ఒక సంఖ్యను రాశిగా కల్పించి, ప్రశ్నలో చెప్పిన క్రియలన్నిటిని దానిపై జరిపి, వచ్చిన ఫలముతో త్రైరాశికముచే యథార్థరాశిని రాబట్టుట దాని పద్ధతి.

తుమ్మెదల ప్రశ్న దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఒక తుమ్మెదల గుంపునుండి ఐదవ వంతు కదంబమునకును, మూడవ వంతు శిలీంధ్రపుష్పమునకును పోయినవి. ఈ రెండు భాగముల భేదమునకు మూడు రెట్లు కుటజమునకు పోయినవి. ఒక్క తుమ్మెద మాత్రము ఎటును పోక ఆకాశమున తిరుగాడుచున్నది. గుంపులోని తుమ్మెదలెన్ని? ఇచ్చట 30ని ఇష్టరాశిగా గైకొందము. ఐదవ వంతు 6, మూడవ వంతు 10. వాని భేదము 4. దానికి మూడు రెట్లు 12. పోయినవి మొత్తము 28, మిగిలినవి 2. కాని ప్రశ్నలో మిగిలినది 1. రెండు మిగులుటకు ముప్పది కావలసియుండగా, ఒకటి మిగులుటకు పదునైదు కావలెను. కావున తుమ్మెదలు 15.

ఈ పద్ధతిలో విద్యార్థికి గొప్ప సౌకర్యము కలదు. అవ్యక్తమను మాటయే వినని బాలుడు కూడ తెలిసిన సంఖ్యలతోనే తెలియనిదానిని పట్టుకొనగలడు. తప్పు సంఖ్యతో ఆరంభించినను సరియైన సమాధానము వచ్చును. అయితే దీనికి ఒక హద్దు కలదు. రాశిని ద్విగుణము చేసినచో ఫలము కూడ ద్విగుణము కావలెను. ఈ అనుపాతము చెడినచోట త్రైరాశికము ప్రవర్తింపదు. ఆ హద్దును దాటుటకు కావలసిన సాధనము తరువాతి గ్రంథమున ఉన్నది.

బీజగణితము – గుఱ్ఱముల ప్రశ్న

బీజగణితమునకు చేసిన మంగళాచరణమునందే భాస్కరుని పాండిత్యము వ్యక్తమగును. సాంఖ్యుల అవ్యక్తమునకును, ఈశ్వరునకును, బీజగణితమునకును ఒకే శబ్దరాశిచే నమస్కరించెను. సమస్త వ్యక్తప్రపంచమునకు అవ్యక్తము బీజమైనట్లు, సమస్త వ్యక్తగణితమునకు అవ్యక్తగణితము బీజమని శ్లేషచే అందు సూచితము. అవ్యక్తయుక్తి లేనిదే ప్రశ్నలు మందబుద్ధులకు దుర్గ్రహములగును గనుక ఈ గ్రంథమును చెప్పుచున్నానని పిదప ప్రయోజనమును తెలిపెను. మందబుద్ధిని ఉద్దేశించి శాస్త్రము వ్రాయుట అల్పకార్యము కాదు. మేధావికి సూత్రము చాలును. మందునకు యుక్తి కావలెను.

ఏకవర్ణసమీకరణమునకు ఆతడు చెప్పిన విధి ఇట్టిది. తెలియని రాశికి యావత్తావత్తు అని పేరు పెట్టవలెను. ప్రశ్న వేసినవాడు చెప్పిన క్రియలన్నిటిని ఆ పేరుపైననే జరుపవలెను. ఆ విధముగా ప్రయత్నపూర్వకముగా రెండు సమపక్షములను సాధింపవలెను. ఒక పక్షమునందలి అవ్యక్తమును రెండవ పక్షపు అవ్యక్తమునుండి శోధింపవలెను. రెండవ పక్షపు రూపములను మొదటి పక్షపు రూపములనుండి శోధింపవలెను. మిగిలిన అవ్యక్తముచే మిగిలిన రూపములను భాగింపగా అవ్యక్తము వ్యక్తమగును. రూపములనగా తెలిసిన సంఖ్యలు.

దీనికి ఆతడు గ్రహించిన ఉదాహరణము ఇది. ఒకనియొద్ద 300 రూపములును 6 గుఱ్ఱములును ఉన్నవి. మఱియొకనియొద్ద 10 గుఱ్ఱములు ఉన్నవి. కాని ఆతనికి 100 రూపముల ఋణము కలదు. గుఱ్ఱములన్నియు ఒకే వెల గలవి. ఇరువురి సంపద సమానము. గుఱ్ఱము వెల ఎంత?

ఈ ప్రశ్నను ఇష్టకర్మచే సాధింప యత్నించినచో ఏమగునో చూడవలెను. వెలను 10గా కల్పించిన మొదటివాని సంపద 360. రెండవవానికి ఏమియు మిగులదు. వెలను 20గా చేసిన మొదటివాని సంపద 420, రెండవవానిది 100. వెల ద్విగుణమైనను సంపద ద్విగుణము కాలేదు. కావున త్రైరాశికమునకు అవకాశము లేదు. విలోమవిధియు పనికిరాదు. అవ్యక్తము రెండు పక్షములందును ఉండుటచే వెనుకకు నడచుటకు ఆరంభస్థానమే దొరకదు. వ్యక్తగణితము ఇచ్చట ఆగిపోవును. బీజము ఇచ్చట ఆరంభమగును.

నాటి లేఖనపద్ధతిలో పక్షములు ఒకదానిక్రింద నొకటి వ్రాయబడును. పై పంక్తిలో యా 6, రూ 300. క్రింది పంక్తిలో యా 10, రూ 100. ఈ 100పై ఋణసూచకముగా ఒక బిందువు. సమానత్వమునకు వేఱు చిహ్నము లేదు; రెండు పంక్తులు కలిసియుండుటయే సమానత్వమునకు గుర్తు. ఇప్పుడు ఇరువురియొద్దనుండియు ఆఱేసి గుఱ్ఱములను తొలగింతము. మొదటివానికి 300 రూపములు మిగులును. రెండవవానికి 4 గుఱ్ఱములును 100 ఋణమును మిగులును. ఇరువురకును నూఱేసి రూపములు ఇత్తము. మొదటివానియొద్ద 400 ఉండును. రెండవవాని ఋణము తీరి 4 గుఱ్ఱములు మాత్రము ఉండును. కావున 4 గుఱ్ఱముల వెల 400. ఒక గుఱ్ఱము వెల 100. సరిచూచినచో మొదటివాని సంపద 600, 300 కలిసి 900. రెండవవానిది 1000లో 100 పోగా 900.

ఇచ్చట శోధనమునకు ఉపపత్తి అతిసులభము. సమానమైన రెండు రాశులనుండి సమానమైనవానిని తీసివేసినను, సమానమైనవానిని కలిపినను సమత్వము చెడదు. త్రాసునందు రెండు తట్టలనుండియు ఒకే బరువును తీసినచో ముల్లు కదలదు. నేటి విద్యార్థులు పక్షము మారినపుడు చిహ్నము మారునని వల్లించుచుందురు. ధనము ఋణమగుటకును, ఋణము ధనమగుటకును కారణమేమని ప్రశ్నించిన పలువురు నిరుత్తరులగుదురు. నిజమునకు ఏ రాశియు పక్షము దాటి పోవుట లేదు. రెండు పక్షములనుండియు ఒకే రాశి శోధితమగుచున్నది. పక్షాంతరమనునది ఈ శోధనమునకు సంక్షిప్తరూపము మాత్రమే. శోధనమను పేరునందే ఉపపత్తి ఇమిడియున్నది.

ఆచార్యుడు ఈ ఒక్క ప్రశ్నతో తృప్తిపడలేదు. అవే గుఱ్ఱములు, అదే ధనము, అదే ఋణము ఉండగా సంబంధమును మాత్రము మార్చి మఱి రెండు ప్రశ్నలను వేసెను. మొదటివాని సంపదలో సగమునకు 2 కలిపినచో రెండవవాని సంపదకు సమానమైన గుఱ్ఱము వెల ఎంత? అపుడు యా 3, రూ 152 ఒక పక్షము. యా 10, రూ 100 ఋణము మఱియొక పక్షము. శోధింపగా 7 గుఱ్ఱములకు 252, ఒకదానికి 36. మొదటివాడు రెండవవానికంటె మూడు రెట్లు ధనవంతుడైనచో వెల ఎంత? అపుడు రెండవ పక్షము యా 30, రూ 300 ఋణము. శోధింపగా 24 గుఱ్ఱములకు 600, ఒకదానికి 25.

ఈ మూడు ప్రశ్నల కూర్పులో బోధనారహస్యము కలదు. శోధనవిధి మూడింటను ఒక్కటియే. మారినది పక్షముల కల్పనము మాత్రమే. మొదటి సమాధానమును కంఠస్థము చేసినవాడు రెండవ ప్రశ్నయందు చిక్కుకొనును. సంబంధమును అర్థము చేసికొనినవాడు మూడింటిని సమముగా సాధించును. సమీకరణమును సాధించుట యంత్రవత్తుగా జరుగు పని. సమీకరణమును నిర్మించుట బుద్ధిచే జరుగు పని. పక్షములను ప్రయత్నపూర్వకముగా సమము చేయవలెనని ఆతడు విధించుటలోని అభిప్రాయమును ఇదియే.

మతియే బీజము

ఇంతకంటె సూక్ష్మమైన ఉదాహరణము మఱియొకటి కలదు. ఇద్దఱు మిత్రులలో ఒకడు రెండవవానితో, నాకు 100 ఇచ్చినచో నీకంటె రెండు రెట్లు ధనవంతుడనగుదునని పలికెను. రెండవవాడు, నీవు నాకు 10 ఇచ్చినచో నీకంటె ఆఱు రెట్లు ధనవంతుడనగుదునని బదులుపలికెను. వారి ధనములెంత?

ఇచ్చట తెలియని రాశులు రెండు. కావున యావత్తావత్తు, కాలకము అని రెండు వర్ణములు కావలెనని సామాన్యుడు తలంచును. భాస్కరుడు దీనిని ఏకవర్ణముననే చేర్చెను. 100 ఇచ్చిన పిదప రెండవవానియొద్ద మిగులునది యా 1 అని కల్పించెను. అపుడు రెండవవాని అసలు ధనము యా 1, రూ 100. మొదటివాడు 100 పొందిన పిదప యా 2 కావలెను గనుక ఆతని అసలు ధనము యా 2, రూ 100 ఋణము. మొదటి షరతు కల్పనయందే తీఱిపోయినది. ఇక రెండవ షరతు మాత్రమే మిగిలినది. మొదటివాడు 10 ఇచ్చిన పిదప ఆతనియొద్ద యా 2, రూ 110 ఋణము; దానికి ఆఱు రెట్లు యా 12, రూ 660 ఋణము. రెండవవానియొద్ద యా 1, రూ 110. శోధింపగా యా 11నకు 770. యావత్తావత్తు 70. కావున మొదటివాని ధనము 40, రెండవవానిది 170.

ఏ రాశికి యావత్తావత్తు అని పేరు పెట్టవలెనో ఏ సూత్రమును చెప్పజాలదు. అది బుద్ధియొక్క పని. అందుచేతనే అక్షరములు బీజము కావనియు, బీజములు వేఱువేఱుగా లేవనియు, మతి యొక్కటియే బీజమనియు ఆతడు సిద్ధాంతీకరించెను. యావత్తావత్తు మొదలగు సంకేతములు మతికి సహాయకములు మాత్రమే. సంకేతములను శాస్త్రముగా భ్రమించుటకంటె గొప్ప ప్రమాదము గణితవిద్యయందు లేదు.

జనశ్రుతులు – పరిశీలనము

భాస్కరాచార్యుని గూర్చి లోకమున ప్రచారమున నున్న కథలలో లీలావతీవృత్తాంతము ముఖ్యమైనది. లీలావతి ఆతని కుమార్తెయనియు, వివాహముహూర్తమునకై అమర్చిన ఘటీయంత్రమున ఒక ముత్యము పడి రంధ్రము మూసికొనుటచే ముహూర్తము తప్పినదనియు, ఆమెను ఊఱడించుటకై తండ్రి ఆమె పేర గ్రంథము వ్రాసెననియు కథ. ఇది అక్బరు ఆజ్ఞచే ఫైజీ 1587లో చేసిన పారశీకానువాదమున కనబడుచున్నది. అది భాస్కరుని జన్మమునకు 470 యేండ్లకు పైబడిన కాలము. పాటణ శాసనమున కుమార్తె ప్రసక్తి లేదు. గ్రంథములో సంబోధనలు కూడ ఒకే వ్యక్తిని ఉద్దేశించినవి కావు. కొన్నిచోట్ల బాలను, కొన్నిచోట్ల మిత్రుని, కొన్నిచోట్ల గణకుని, వణిజుని సంబోధించెను. లీలావతి యనగా విలాసము గలది యని గ్రంథమునకే అన్వర్థము.

ఆతడు ఉజ్జయినిలోని వేధశాలకు అధ్యక్షుడుగా ఉండెనను మాటయు పలు పుస్తకములందు కనబడుచున్నది. ఆతని గ్రంథములందుగాని పాటణ శాసనమునందుగాని దీనికి ఆధారము లేదు. ఇట్టి కథలను తొలగించినంతమాత్రమున ఆచార్యుని కీర్తికి లోపము రాదు. గుఱ్ఱముల ప్రశ్న ఒక్కటియే ఆతని గురుత్వమును నిరూపించుటకు చాలును.

అట్లే దోషమును దోషముగా చెప్పుటయు శాస్త్రధర్మము. ఒక రాశిని శూన్యముచే గుణించి, దాని సగమును దానికే కలిపి, మూడింతలు చేసి, శూన్యముచే భాగింపగా 63 వచ్చినచో ఆ రాశి యెంత యని లీలావతిలో ఒక ప్రశ్న కలదు. క్రియ మిగిలియున్నపుడు శూన్యగుణకమును అట్లే నిలిపి, పిదప శూన్యభాజకముతో దానిని తొలగింపవచ్చునని భావించి, ఆతడు 14 అని సమాధానము చెప్పెను. శూన్యభాగము నేటి అంకగణితమున అంగీకృతము కాదు. అత్యల్పరాశుల దృష్టితో దీనిని సమర్థింప యత్నించిన పండితులు కలరు. ఏమైనను ఏకవర్ణసమీకరణవిధికి దీనిచే బాధ లేదు.

ఉత్తరజీవితము

గ్రహగణితమున గ్రహముల తాత్కాలికగతిని విచారించెను. గోలాధ్యాయమున భూగోల, ఖగోల విషయములను ఉపపత్తులతో వివరించెను. గోలము తెలియని గణకుడు విద్వత్సభయందు రాణింపడని స్పష్టముగా చెప్పెను. ఈ రెండు భాగములకును తానే వాసనాభాష్యమును రచించెను. వాసన యనగా ఇచ్చట ఉపపత్తి. తన మూలమునకు తానే ఉపపత్తిని వ్రాసి యిచ్చుటలో ఆతని శ్రద్ధ గమనింపదగినది. శ్లోకమును మాత్రము విడిచిపోయినచో అది కంఠమున నిలుచునేమో గాని బుద్ధియందు నిలువదని ఆతడు ఎఱుగును.

శకము 1105, అనగా 1183, ఆధారసంవత్సరముగా కరణకుతూహలమను చిన్న గ్రంథమును రచించెను. అప్పటికి ఆతనికి 69 యేండ్లు. పెద్ద సిద్ధాంతమును చదువుటకు శక్తి లేనివారు కూడ గ్రహములను సులభముగా గణించుటకై చేసిన కరణమది. ముప్పదియాఱవ యేట మందబుద్ధులను స్మరించినవాడు వార్ధకమునను వారిని మఱవలేదు.

పాటణ మఠము

భాస్కరుని పుత్రుడు లక్ష్మీధరుడు. యాదవరాజైన జైత్రపాలుడు ఆతని ప్రతిభను గుర్తించి పిలిపించి, పండితులలో అగ్రేసరునిగా చేసెనని శాసనము చెప్పుచున్నది. కాకతీయులతో యుద్ధము చేసి, గణపతిదేవుని బంధించి, పిదప విడిచినవాడు ఈ జైత్రపాలుడే. లక్ష్మీధరుని పుత్రుడు చంగదేవుడు. ఈతడు జైత్రపాలుని కుమారుడైన సింఘణుని ఆస్థానమున దైవజ్ఞుడు. తాతగారి సిద్ధాంతశిరోమణి మొదలగు గ్రంథములను, ఆ వంశమువారి ఇతర గ్రంథములను వ్యాఖ్యానించుటకై ఈతడు పాటణలో మఠమును స్థాపించెను. నికుంభవంశీయుడైన సోఇదేవుడను సామంతుడు దానికి దానము చేసెను. ఆ వృత్తాంతమును తెలుపు శాసనము 1207 సంవత్సరమునకు సంబంధించినది. అది భవానీదేవాలయమున లభించినది. దానిని భావు దాజీ 1865లో విద్వల్లోకమునకు తెలిపెను. శాసనాంతభాగము నాటి మరాఠీభాషలో ఉన్నది. మఠమునకు చెందవలసిన ఆదాయములు అందు చెప్పబడినవి.

శాస్త్రగ్రంథమును రక్షించుటకు వంశీయులు ప్రతులను వ్రాయించుట సామాన్యము. చంగదేవుడు అంతటితో ఆగక, దానిని చదివి వ్యాఖ్యానించు పండితులకు నెలవు కల్పించెను. తాళపత్రము గ్రంథమును నిలుపును. పాఠము శాస్త్రమును నిలుపును. ఈ వివేకము ఆతనికి కులక్రమాగతమనవచ్చును. యాదవరాజ్యము 14వ శతాబ్ది ఆరంభమున అంతరించినది. రాజదానము పోయినను పాఠము పోలేదు. 1538లో సూర్యదాసుడు బీజగణితమునకు వ్యాఖ్య వ్రాసెను. 1545లో గణేశదైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసినిని ఉపపత్తులతో రచించెను. 1600 ప్రాంతమున కృష్ణదైవజ్ఞుడు బీజపల్లవమును రచించెను. షాజహాను కాలమున బీజగణితము పారశీకమునకు పోయెను. 1813లో స్ట్రాచీయు, 1816లో టేలరును, 1817లో కోల్‌బ్రూకును చేసిన అనువాదములచే ఆంగ్లేయులకును ఈ గ్రంథములు తెలిసినవి.

నేడు తెలుగుపాఠశాలలోని బాలిక బీజగణితము, సమీకరణము, పక్షము అని పలుకునపుడు భాస్కరాదులైన ఆచార్యుల పరిభాషనే పలుకుచున్నది. వర్ణమను మాట పోయి చరరాశి వచ్చినది. యా స్థానమున వేఱొక అక్షరము వచ్చినది. అక్షరము మారినంతమాత్రమున బీజము మారదని చెప్పినవాడు ఆతడే గనుక దీనికి చింతింప పనిలేదు. చింతింపవలసినది ఒక్కటియే. పక్షము మారిన చిహ్నమేల మారునని ఆ బాలిక అడిగినపుడు సమాధానము చెప్పగల ఉపాధ్యాయుడు ఉండవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకు తరగతి యెచ్చట ఉండునో, పాటణ మఠము అచ్చట ఇంకను నడచుచున్నదని భావింపవచ్చును.